కోచ్‌లు మారారు.. జట్టే తరలిపోయింది!
హైదరాబాద్‌ ఎఫ్‌సీ యాజమాన్య నిర్ణయాలపై అభిమానుల పునరాలోచన

హైదరాబాద్‌: గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి మైదానంలో 2019 నవంబరు 2న హైదరాబాద్‌ ఎఫ్‌సీ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను 2-1 తేడాతో ఓడించింది. ఇండియన్‌ సూపర్‌ లీగ్‌ (ఐఎస్‌ఎల్‌)లో ఆ జట్టుకు అదే మొదటి గెలుపు. చాలాకాలం తర్వాత నగరానికి పెద్ద స్థాయి ఫుట్‌బాల్‌ తిరిగి వచ్చిందని క్రీడాభిమానులు సంబరపడ్డారు. సరిగ్గా ఆరేళ్లు తిరిగేసరికి ఆ జట్టు నగరంలో లేకుండా పోయింది. 2025లో ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్‌ క్లబ్‌ ఢిల్లీగా పేరు మార్చుకుంది.

ఈ ఆరేళ్లలో జట్టు ఒకసారి ఛాంపియన్‌ అయింది. పట్టికలో అట్టడుగున నిలిచిన సీజన్లూ ఉన్నాయి. ఆ ఎత్తుపల్లాలన్నింటిలో అభిమానుల నోట ఎక్కువగా నలిగిన మాట ఒక్కటే.. కోచ్‌ మార్పు. ఎవరిని తీసేయాలి, ఎవరిని తేవాలి అన్నదే చర్చ. జట్టు కనుమరుగైన తర్వాత వెనక్కి తిరిగి చూస్తే, అసలు అడగవలసిన ప్రశ్న అది కాదేమో అన్న ఆలోచన ఇప్పుడు అభిమానుల్లో బలపడుతోంది.

రహీం నడిచిన నేల

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్‌ కొత్త కాదు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్‌ అబ్దుల్‌ రహీం శిక్షణలో హైదరాబాద్‌ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు రోవర్స్‌ కప్‌ గెలుచుకుంది. ఆయన శిక్షకుడిగా ఉండగానే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో ఆయన కన్నుమూశారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్‌ జట్టు సంతోష్‌ ట్రోఫీ గెలిచిన తర్వాత ఇక్కడి ఫుట్‌బాల్‌ క్రమంగా వెనుకబడిపోయింది.

ఏళ్ల తరబడి ఒకే శిక్షకుడి చేతిలో ఎదిగిన సంప్రదాయం ఈ నగరానిది. అలాంటి చోట కొత్తగా పుట్టిన క్లబ్‌ తొలి సీజన్‌ ముగియకముందే కోచ్‌ను మార్చవలసి రావడం విచిత్రమే.

రెండు నెలల్లో జట్టు

పుణె సిటీ జట్టు రద్దు కావడంతో దాని స్థానంలో 2019 ఆగస్టు చివర హైదరాబాద్‌ ఎఫ్‌సీ ఏర్పాటైంది. విజయ్‌ మద్దూరి, వరుణ్‌ త్రిపురనేని దీన్ని స్థాపించారు. నటుడు రానా దగ్గుబాటి సహ యజమానిగా చేరారు. అక్టోబరు 20న లీగ్‌ ప్రారంభమైంది. అంటే జట్టు నిర్మాణానికి దొరికిన వ్యవధి రెండు నెలలు కూడా లేదు. పుణె ఆటగాళ్లలో చాలామందితో పాటు అక్కడి కోచ్‌ ఫిల్‌ బ్రౌన్‌ కూడా హైదరాబాద్‌కు వచ్చారు. ఇంగ్లాండ్‌లో హల్‌ సిటీ జట్టును 2008లో ప్రీమియర్‌ లీగ్‌కు చేర్చిన అనుభవం ఆయనది.

కోల్‌కతాలో ఆడిన తొలి మ్యాచ్‌లోనే ఏటీకే చేతిలో 0-5 తేడాతో ఓటమి ఎదురైంది. ఆ తర్వాత కూడా పరాజయాల పరంపర ఆగలేదు. 12 మ్యాచ్‌లు ముగిసేసరికి ఒక గెలుపు, రెండు డ్రాలతో జట్టు ఖాతాలో అయిదు పాయింట్లే ఉన్నాయి. 2020 జనవరిలో యాజమాన్యం బ్రౌన్‌కు ఉద్వాసన పలికింది. మిగిలిన మ్యాచ్‌లకు జేవియర్‌ గుర్రి లోపెజ్‌ తాత్కాలిక బాధ్యతలు చేపట్టారు. చివరి మ్యాచ్‌లో నార్త్‌ఈస్ట్‌ యునైటెడ్‌పై 5-1తో గెలిచినా మొత్తం 18 మ్యాచ్‌ల్లో పది పాయింట్లతో పట్టికలో చిట్టచివరి స్థానమే దక్కింది.

అప్పటి మనోభావాలు రెండు విధాలు. ఇన్ని ఓటముల తర్వాత కోచ్‌ను మార్చకుంటే ఎలా అన్నవారు కొందరు. ఆగస్టులో పుట్టిన జట్టుకు జనవరిలోనే కోచ్‌ను బలి ఇవ్వడం ఉరిమి ఉరిమి మంగళం మీద పడ్డట్టే అన్నవారు మరికొందరు. ఇరు వాదాల్లోనూ నిజం ఉంది. ఫలితాలు దారుణంగా ఉన్న మాట వాస్తవం. ఆ జట్టును హడావుడిగా కూర్చింది కోచ్‌ ఒక్కరే కాదన్నదీ వాస్తవమే.

అనుకోకుండా వచ్చిన మార్క్వెజ్‌

బ్రౌన్‌ స్థానంలో యాజమాన్యం ముందుగా ఎంచుకున్నది ఆల్బర్ట్‌ రోకాను. బెంగళూరు ఎఫ్‌సీని 2016లో ఏఎఫ్‌సీ కప్‌ ఫైనల్‌కు చేర్చిన స్పెయిన్‌ శిక్షకుడాయన. అయితే 2020 ఆగస్టులో బార్సిలోనా క్లబ్‌ నుంచి పిలుపు రావడంతో హైదరాబాద్‌కు ఒక్క లీగ్‌ మ్యాచ్‌లోనూ ప్రధాన శిక్షకుడిగా వ్యవహరించకుండానే వెళ్లిపోయారు. సీజన్‌ దగ్గరపడుతున్న వేళ ఆ నెలాఖరులో మరో స్పెయిన్‌ దేశస్థుడు మనోలో మార్క్వెజ్‌ను నియమించారు. భారత్‌లో ఆయనకు పూర్వానుభవం లేదు. ఎనిమిది నెలల్లో నాలుగో పేరు వినాల్సి రావడంతో యాజమాన్యానికి ఒక విధానమంటూ ఉందా అన్న అనుమానం సహజంగానే తలెత్తింది.

కరోనా కారణంగా 2020-21 సీజన్‌ మొత్తం గోవాలో ఖాళీ మైదానాల్లో జరిగింది. మార్క్వెజ్‌ ఆకాశ్‌ మిశ్రా, ఆశిష్‌ రాయ్‌, లిస్టన్‌ కొలాసో వంటి భారత యువ ఆటగాళ్లను ధైర్యంగా ముందుకు తెచ్చారు. 20 మ్యాచ్‌ల్లో ఓడింది మూడే. అయితే 11 డ్రాలు కావడంతో జట్టు అయిదో స్థానంలో ఆగిపోయింది. నాలుగు జట్లకే అవకాశమున్న సెమీస్‌ బెర్తు చివరి మ్యాచ్‌లో చేజారింది.

ఇక్కడే యాజమాన్యం తీసుకున్న మరో ముఖ్య నిర్ణయం ఉంది. దాని గురించి అప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. సెమీస్‌ చేజారినా కోచ్‌ను మార్చలేదు. ఆయననే కొనసాగించారు.

తర్వాతి సీజన్‌లో లీగ్‌ నిబంధన మారింది. మైదానంలో ఒకేసారి ఆడగల విదేశీయుల సంఖ్య అయిదు నుంచి నాలుగుకు తగ్గింది. భారత కుర్రాళ్లను అంతకు ముందే తీర్చిదిద్దుకున్న హైదరాబాద్‌కు ఈ మార్పు కలిసివచ్చింది. లిస్టన్‌ వేరే జట్టుకు వెళ్లినా లోటు కనిపించలేదు. నైజీరియా ఆటగాడు ఒగ్బెచె 18 గోల్స్‌ సాధించాడు. 38 పాయింట్లతో పట్టికలో రెండో స్థానం దక్కింది.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్‌ జరిగింది. ఒక గోల్‌ వెనుకబడిన స్థితిలో 88వ నిమిషంలో సాహిల్‌ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్‌ లక్ష్మీకాంత్‌ కట్టిమణి మూడు కిక్‌లను అడ్డుకున్నాడు. 3-1తో హైదరాబాద్‌ ఛాంపియన్‌ అయింది. రెండేళ్ల కిందట అట్టడుగున ఉన్న జట్టు శిఖరానికి చేరింది.

అంచనా తిరగబడింది

ఆ రాత్రితో బ్రౌన్‌ తొలగింపుపై అభిమానుల అభిప్రాయం పూర్తిగా మారిపోయింది. తొందరపాటు అన్నవారే దూరదృష్టి అన్నారు. డెక్కన్‌ లెజియన్‌ పేరిట ఏర్పడిన అభిమాన బృందం మొదలు అప్పుడప్పుడు టీవీలో ఆట చూసేవారి వరకు యాజమాన్యానికి జేజేలు పలికారు.

అయితే కప్పు చేతికి వచ్చిందన్న ఒక్క కారణంతో పాత నిర్ణయాన్ని సరైనదనడం న్యాయమేనా? బార్సిలోనా పిలవకుంటే రోకానే కోచ్‌ అయ్యేవారు. మార్క్వెజ్‌ ఈ నగరం పేరు కూడా విని ఉండేవారు కాదేమో. కాబట్టి ఈ గెలుపులో యాజమాన్యం వివేకం ఎంతో, అదృష్టం కూడా అంతే. బ్రౌన్‌ను తొలగించిన నిర్ణయం కన్నా, అయిదో స్థానంతో సరిపెట్టుకున్న మార్క్వెజ్‌ను తొలగించకపోవడమే మెచ్చుకోదగిన నిర్ణయమని ఇప్పుడు అనిపిస్తుంది. తీసేయడం వార్త అవుతుంది. ఓపిక పట్టడం వార్త కాదు. అందుకే మొదటిది గుర్తుంటుంది, రెండోది మరుగున పడుతుంది.

చెల్సీ చెప్పే పాఠం

ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచడంలోని చిక్కుకు ఇంగ్లాండ్‌ క్లబ్‌ చెల్సీ చక్కటి ఉదాహరణ. 2021 జనవరిలో అప్పటి యజమాని రోమన్‌ అబ్రమోవిచ్‌ కోచ్‌ ఫ్రాంక్‌ లాంపార్డ్‌ను తొలగించారు. ఆటగాడిగా ఆ క్లబ్‌కు ఆరాధ్యుడైన లాంపార్డ్‌ను పంపించడం అభిమానులకు మింగుడుపడలేదు. ఆయన స్థానంలో వచ్చిన థామస్‌ టుచెల్‌ నాలుగు నెలలకే, మే 29న, మాంచెస్టర్‌ సిటీని 1-0తో ఓడించి ఛాంపియన్స్‌ లీగ్‌ అందించారు. తొలగింపును తప్పుబట్టిన నోళ్లే మెచ్చుకున్నాయి.

2022లో క్లబ్‌ చేతులు మారింది. కొత్త యజమానులు ఆ సెప్టెంబరులోనే టుచెల్‌ను తొలగించి గ్రాహం పోటర్‌ను తెచ్చారు. ఏడు నెలలు నిండకముందే పోటర్‌నూ పంపించారు. తాత్కాలిక కోచ్‌గా వచ్చింది ఎవరో కాదు, మళ్లీ లాంపార్డే! ఆ సీజన్‌లో చెల్సీ పన్నెండో స్థానానికి పడిపోయింది. చేసిన పని రెండుసార్లూ ఒక్కటే. ఒకసారి కప్పు వచ్చింది, మరోసారి పరువు పోయింది. కోచ్‌ను మార్చడమనేది తనంతట తాను ఔషధమూ కాదు, విషమూ కాదు. ఏ రోగానికి వాడుతున్నామన్నదే ముఖ్యం.

ఖజానా ఖాళీ అయితే..

హైదరాబాద్‌ విషయంలో రోగం మారిందని అభిమానులకు ఆలస్యంగా తెలిసింది. 2022-23లో మార్క్వెజ్‌ జట్టు 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానంలో నిలిచింది. సెమీస్‌లో ఏటీకే మోహన్‌బగాన్‌ చేతిలో షూటౌట్‌లో ఓడింది. పైకి అంతా సవ్యంగానే కనిపించింది. సీజన్‌ ముగిశాక మార్క్వెజ్‌ ఎఫ్‌సీ గోవాకు వెళ్లిపోయారు. ఆకాశ్‌ మిశ్రా ముంబయి సిటీకి తరలాడు.

ఆ తర్వాత క్లబ్‌ ఆర్థిక ఇబ్బందులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. బకాయిల వివాదాల కారణంగా కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం పడింది. వేతనాలు సకాలంలో అందని పరిస్థితిలో విదేశీ ఆటగాళ్లు, ఆ వెనుకే సీనియర్‌ భారత ఆటగాళ్లు జట్టును వీడారు. మార్క్వెజ్‌ వద్ద పనిచేసిన తంగ్బోయ్‌ సింగ్టో మిగిలిన కుర్రాళ్లతోనే సీజన్‌ను లాక్కురావలసి వచ్చింది. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒకే ఒక్క గెలుపు. ఎనిమిది పాయింట్లతో మళ్లీ చివరి స్థానం.

ఒగ్బెచె లాంటి ఆటగాడు లేకుండా, కొత్తవారిని చేర్చుకునే వీలు లేకుండా, ఉన్నవారికి జీతం వస్తుందన్న భరోసా లేకుండా ఏ కోచ్‌ మాత్రం గెలిపించగలడు? అయినా గ్యాలరీల్లో ఓటములకు కోచ్‌ వ్యూహాలనే నిందించినవారు ఉన్నారు. కంటికి కనిపించేవాడు కోచే కాబట్టి కోపం ఆయన మీదికే పోతుంది. చెల్లించని జీతం మైదానంలో కనిపించదు.

2024లో బీసీ జిందాల్‌ గ్రూపు యాజమాన్యాన్ని చేపట్టింది. జట్టు ఆ సీజన్‌కు సన్నద్ధమయ్యేందుకు మళ్లీ తగిన సమయం లేకపోయింది. 2019 నాటి పరిస్థితే పునరావృతమైంది. ఓటములు మొదలయ్యాయి. డిసెంబరులో సింగ్టోను తొలగించి షమీల్‌ చెంబకత్‌కు బాధ్యతలు అప్పగించారు. 2020 జనవరిలో వాడిన మందే మళ్లీ వాడారు. 13 జట్ల పట్టికలో 12వ స్థానం మినహా ఫలితం లేదు. మరుసటి ఏడాది జట్టే ఊరు విడిచింది.

ఒకే వ్యక్తి.. రెండు ఫలితాలు

కోచ్‌ ప్రతిభకు హద్దులుంటాయనడానికి మార్క్వెజ్‌ తదుపరి ప్రస్థానమే రుజువు. 2024 జులైలో ఆయనను భారత జట్టు శిక్షకుడిగా నియమించారు. ఎఫ్‌సీ గోవా బాధ్యతలను కూడా కొనసాగించారు. భారత కోచ్‌గా ఆయన తొలి మ్యాచ్‌ ఆ సెప్టెంబరులో గచ్చిబౌలి మైదానంలోనే జరగడం విశేషం. మారిషస్‌తో జరిగిన ఆ మ్యాచ్‌ గోల్‌ లేకుండా ముగిసింది. ఆరు రోజులకు అక్కడే సిరియా చేతిలో 0-3తో ఓటమి తప్పలేదు.

ఆయన ఆధ్వర్యంలో భారత్‌ ఎనిమిది మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచింది. 2025 జులైలో ఆయన పదవి నుంచి వైదొలగారు. అదే కాలంలో, 2025 మేలో, ఆయన శిక్షణలోని గోవా జట్టు సూపర్‌ కప్‌ గెలుచుకుంది. మనిషి ఒక్కరే, విద్య ఒక్కటే, కాలమూ ఒక్కటే. గోవాలో రోజూ సాధన చేయించే వీలు, కుదురుకున్న క్లబ్‌ వ్యవస్థ ఉన్నాయి. జాతీయ జట్టుతో గడపడానికి దొరికేది కొద్ది రోజులే. వెనుకనున్న ఏర్పాటు భిన్నమైతే ఫలితమూ భిన్నమే.

దీన్నిబట్టి 2022 నాటి హైదరాబాద్‌ విజయాన్ని కూడా కొత్తగా చూడాలి. ఆనాడు మార్క్వెజ్‌ గొప్పవారు కావడం నిజమే. ఆయనకు ఆటగాళ్లను సమకూర్చి, రెండేళ్లు కదపకుండా ఉంచిన యాజమాన్యం పాత్ర కూడా ఉంది. అదే యాజమాన్యం హయాంలో ఆర్థిక పునాది బీటలు వారింది. మెచ్చుకోవలసిన చోట మెచ్చుకుని, అడగవలసిన చోట అడగడమే సరైన పునరాలోచన.

యాజమాన్యాల వాదన

యజమానుల పక్షాన చెప్పవలసిన మాటా ఉంది. భారత్‌లో ఫుట్‌బాల్‌ క్లబ్‌ నడపడం లాభసాటి వ్యవహారం కాదు. టికెట్ల అమ్మకంతో ఖర్చులు గట్టెక్కవు. హైదరాబాద్‌ జట్టు తన ఉత్తమ సీజన్లలో రెండింటిని కరోనా వల్ల సొంత ప్రేక్షకులకు దూరంగా గోవాలో ఆడింది. జట్టు గెలుస్తున్నప్పుడు గ్యాలరీలు నింపుకొనే అవకాశమే దక్కలేదు. 2025 జులైలో లీగ్‌ నిర్వాహకులే తదుపరి సీజన్‌ను నిలిపివేస్తున్నట్లు ప్రకటించడం ఈ వ్యవస్థ మొత్తం ఎంత బలహీనంగా ఉందో చెబుతుంది. అయితే నష్టాలు ఉంటాయని తెలిసే జట్టును స్థాపించారు. ఆ నష్టభారం ముందుగా ఆటగాళ్ల జీతాల మీద పడటాన్ని ఏ వాదనా సమర్థించలేదు.

జిల్లాలకు ఏమిటి నష్టం?

జట్టు ఢిల్లీకి పోతే ఇక్కడి పల్లెలకు ఏమిటని అనుకోవచ్చు. నిజామాబాద్‌ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్‌ సౌమ్య భారత మహిళా జట్టుకు ఆడే స్థాయికి ఎదిగారు. ఆమె క్లబ్‌ ప్రయాణం కేరళ, కోల్‌కతా జట్లతో సాగింది. జిల్లా స్థాయిలో ప్రతిభ ఉన్న పిల్లలకు రాష్ట్రంలోనే పెద్ద జట్టు ఉంటే శిక్షణ శిబిరాలు, ఎంపిక పోటీలు, ఆదర్శంగా చూసుకునే ఆటగాళ్లు దగ్గరలో ఉంటారు. జట్టు పోవడమంటే ఆ మెట్టు కూలిపోవడమే. తల్లిదండ్రులు సైతం బిడ్డను మైదానానికి పంపే ముందు దీనితో కూడు దొరుకుతుందా అని అడుగుతారు. అగ్రశ్రేణి జట్టు ఆటగాళ్లకే జీతాలు అందలేదన్న వార్త ఆ ప్రశ్నకు చెడ్డ జవాబు.

ఆశ పూర్తిగా అడుగంటలేదు. ఐ-లీగ్‌లో ఆడిన శ్రీనిధి డెక్కన్‌ క్లబ్‌ 2022-23, 2023-24 సీజన్లలో వరుసగా రెండో స్థానం సాధించింది. పెద్ద లీగ్‌లో కప్పు గెలిచిన జట్టు కనుమరుగైతే, దిగువ లీగ్‌లో చప్పుడు లేకుండా నిలకడ చూపిన జట్టు ఉంది. నిలకడ విలువను అభిమానులు గుర్తించవలసిన సమయమిది.

అడగవలసిన ప్రశ్నలు

రేపు తెలుగు నేలపై మరో జట్టు పుట్టవచ్చు. మరో యజమాని మరో కోచ్‌ను తొలగించవచ్చు. అప్పుడు వెంటనే శాపనార్థాలు పెట్టడం గానీ, కప్పు రాగానే హారతులు పట్టడం గానీ కాకుండా అభిమానులు మూడు విషయాలు చూసుకోవడం మంచిది. కోచ్‌కు జట్టును కూర్చుకునే సమయం ఇచ్చారా? వెళ్లేవారి స్థానంలో వచ్చేవారి గురించి ముందే ఆలోచించారా? అన్నింటికీ మించి, ఆటగాళ్లకు, సిబ్బందికి ఈ నెల జీతం అందిందా?

మొదటి రెండు ప్రశ్నలూ 2020లో అభిమానులు అడిగారు. మూడోది అడగడం ఎవరికీ తట్టలేదు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. ఇక్కడ మాత్రం మద్దెల నిజంగానే ఓడిపోయింది. దానిని బాగు చేయించకుండా వాయించేవారిని మార్చుకుంటూ పోయారు. గచ్చిబౌలి మైదానం చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. ఆడేందుకు జట్టే లేదు.